ఊదేవారు, నడిపించేవారు, నేర్పేవారు: ఇత్తడి వాద్యకారుల వృత్తి మూడు పాయలు ఎందుకవుతుంది

పాశ్చాత్య సంగీతరంగంలో పేరున్న ఇత్తడి వాద్యకారుడు ఎవరైనా కన్నుమూసినప్పుడు వచ్చే సంస్మరణ వ్యాసాలు చదివితే, ఆయన అసలు ఏ పని చేసి బతికారో ఒక పట్టాన తేలదు. 2025 జనవరిలో మరణించిన ఎల్గార్ హోవర్త్ సంగతే చూడండి. ఆయన లండన్‌లోని రాయల్ ఒపేరా హౌస్‌లోనూ, ఆ తర్వాత రాయల్ ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రాలోనూ ట్రంపెట్ వాయించారు. ఉత్తర ఇంగ్లండ్‌లోని గ్రైమ్‌థోర్ప్ గని కార్మికుల బ్యాండుకు సంగీతపరంగా దారి చూపారు. 1978లో స్టాక్‌హోమ్‌లో స్వరకర్త గ్యోర్గ్ లిగెటి ఒపేరా (పాటలతో నడిచే నాటకం) తొలి ప్రదర్శనకు కండక్టర్‌గా, అంటే చేతి సైగలతో వాద్యబృందాన్ని నడిపించే వ్యక్తిగా, నిలబడ్డారు. వీటిలో ఏది ఉద్యోగం, ఏది వ్యాపకం, ఏది గౌరవ పదవి అన్న అనుమానం పాఠకుడికి రావడం సహజం.

ఇది ఈ కాలపు ధోరణి కూడా కాదు. ట్రంపెట్, దాన్ని పోలిన కార్నెట్ నేర్చే విద్యార్థులు ఈనాటికీ ముందు పెట్టుకునే అభ్యాస గ్రంథాన్ని 1864లో వెలువరించిన జాన్ బాప్టిస్ట్ ఆర్బన్ (1825–1889) కచేరీల్లో కార్నెట్ సోలోలు వాయించేవారు, నృత్యోత్సవాల్లో ఆర్కెస్ట్రా నడిపేవారు, పారిస్ కన్సర్వేటరీ అనే సంగీత కళాశాలలో పాఠాలు చెప్పేవారు. పైకి ఇవి ఒక నిచ్చెన మెట్లలా కనిపిస్తాయి: ముందు వాయించడం, పేరొచ్చాక నడిపించడం, వయసు మళ్ళాక నేర్పడం. చాలామంది జీవితాల్లో మాత్రం ఈ మూడూ పక్కపక్కనే నడిచాయి, నడుస్తున్నాయి. వ్యక్తుల బహుముఖ ప్రజ్ఞ ఇందుకు కొంతవరకే కారణం. అసలు కారణాలు వాద్యం స్వభావంలోనూ, కొలువుల లెక్కలోనూ, మనిషి పెదవులకున్న ఓపికలోనూ ఉన్నాయి.

## లోహం వల్ల కాదు, పెదవుల వల్ల

ఇత్తడి వాద్యం అనగానే ఇత్తడితో చేసినదని అర్థం చేసుకుంటాం గానీ, వర్గీకరణకు లోహం ఆధారం కాదు. శాక్సోఫోన్ ఇత్తడితోనే తయారవుతుంది, అయినా దాన్ని ఈ కుటుంబంలో చేర్చరు. దానిలో కంపించేది రీడు అనే పలుచని పట్టీ. ట్రంపెట్, కార్నెట్, ఫ్రెంచ్ హార్న్, ట్రాంబోన్, యుఫోనియం, ట్యూబా వంటి వాద్యాల్లో కంపించేవి వాయించేవారి పెదవులే. మౌత్‌పీస్‌కు ఆనించిన పెదవుల మధ్య నుంచి ఊపిరి దూసుకుపోతున్నప్పుడు అవి అదురుతాయి, ఆ అదురును గొట్టం ఒక స్వరంగా నిలబెడుతుంది.

గొట్టం పొడవు మార్చకుండా పెదవుల బిగువును, ఊపిరి వేగాన్ని మాత్రమే మారుస్తూ పోతే ఒక వరసలో కొన్ని స్వరాలే పలుకుతాయి. మనకు తెలిసిన స్వరాల్లో చెప్పాలంటే, కింది నుంచి పైకి స, ప, పై స, గ, ప, కొంచెం దిగిన కోమల ని, మళ్ళీ స, ఆపైన రి, గ. ఈ వరసలో రెండు విశేషాలు ఉన్నాయి. మొదటిది, కింద స్వరాల మధ్య దూరం ఎక్కువ, పైకి పోయేకొద్దీ అవి ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ ఉంటాయి. అందుకే పై స్వరం కోసం ఊదిన హార్న్ వాద్యకారుడు పక్క స్వరం మీద పడడం కచేరీల్లో అప్పుడప్పుడూ వినిపిస్తుంది. రెండోది, ఈ సహజ గాంధారం పియానో మీద ఉండే గాంధారం కన్నా అర్ధస్వరంలో ఏడో వంతు, అంటే 14 సెంట్లు, తక్కువగా ఉంటుంది. పియానో మీద పక్కపక్క మీటల మధ్య ఉండే దూరం అర్ధస్వరం, దాన్ని నూరు భాగాలు చేస్తే ఒక్కో భాగం ఒక సెంటు. ఈ 14 సెంట్ల సంగతి వాద్యకారుడికీ, కండక్టర్‌కూ, గురువుకూ మూడు వేర్వేరు సమస్యలుగా ఎదురవుతుంది కాబట్టి దీన్ని గుర్తుంచుకోవడం మంచిది.

## మూడు వాల్వుల లెక్క ఎందుకు తప్పుతుంది

వరసలో లేని స్వరాలు పలకాలంటే గొట్టం పొడవు మారాలి. ట్రాంబోన్ ఆ పనిని స్లైడుతో చేస్తుంది. మిగిలిన వాద్యాలకు ఆ సౌకర్యం 19వ శతాబ్దం తొలి దశకాల్లో వాల్వుల రూపంలో వచ్చింది. హైన్రిచ్ ష్టోల్జెల్, ఫ్రీడ్రిచ్ బ్లూమెల్ అనే ఇద్దరు 1818లో ప్రష్యాలో దీనికి పేటెంటు పొందారు. వాల్వు నొక్కితే అదనపు గొట్టం ముక్క దారిలోకి వస్తుంది. రెండో వాల్వు స్వరాన్ని ఒక అర్ధస్వరం, మొదటిది రెండు, మూడోది మూడు అర్ధస్వరాలు దించుతాయి.

వినడానికి ఇది సుబ్బరంగా ఉన్నా లెక్క వేస్తే తేడా బయటపడుతుంది. ఒక అర్ధస్వరం దిగాలంటే గొట్టం పొడవు సుమారు 5.9 శాతం పెరగాలి, రెండు దిగాలంటే 12.2 శాతం, మూడు దిగాలంటే 18.9 శాతం. మూడు వాల్వులూ కలిపి నొక్కితే ఆరు అర్ధస్వరాలు దిగాలి. అదనపు గొట్టాలన్నీ కూడితే వచ్చేది 37 శాతం మాత్రమే. ఆరు అర్ధస్వరాలకు కావలసినది 41.4 శాతం. ఈ లోటు వల్ల స్వరం ఉండవలసిన చోటు కన్నా సుమారు సగం అర్ధస్వరం పైకి పోతుంది. ఒకటి, మూడు వాల్వులు కలిసినప్పుడు కూడా దాదాపు 30 సెంట్ల తేడా వస్తుంది. తయారీదారులు గొట్టాల కొలతలు సర్దుతారు, ట్రంపెట్ మీద ఎడమచేతి వేలితో జరిపే చిన్న స్లైడు కూడా ఇందుకే పెట్టారు. ఎన్ని సర్దుబాట్లు చేసినా, మీట నొక్కితే సరైన స్వరం దానంతటదే పలికే యంత్రం కాదిది. ప్రతి స్వరాన్నీ వాయించేవారు ముందే మనసులో విని, పెదవితో సరిదిద్దుకుని పలికించాలి.

పుస్తకం చదివి, వేళ్ళ పట్టిక కంఠస్థం చేసి ఈ విద్య ఎందుకు పట్టుబడదో, పక్కన కూర్చుని వినే గురువు ఎందుకు తప్పనిసరో ఇక్కడే తెలుస్తుంది. పెదవులు మౌత్‌పీస్ వెనక, నాలుక నోటిలో, ఊపిరి ఛాతీలో దాగి ఉంటాయి. వయొలిన్ గురువుకు శిష్యుడి విల్లు కంటికి కనబడుతుంది. ఇత్తడి వాద్యం నేర్పేవారు మాత్రం శబ్దాన్ని విని లోపల ఏం జరుగుతోందో ఊహించాలి.

## కుర్చీలు తక్కువ, ఖాళీలు ఇంకా తక్కువ

ఒక పెద్ద సింఫనీ ఆర్కెస్ట్రాలో సాధారణంగా నాలుగు హార్న్‌లు, మూడు ట్రంపెట్లు, మూడు ట్రాంబోన్లు, ఒక ట్యూబా ఉంటాయి. కొన్ని సంస్థలు ఒకరిద్దరు అదనపు వాద్యకారులను కూడా నియమించుకుంటాయి. ఎంత చేసినా మొత్తం పదకొండు, పన్నెండు మంది. వయొలిన్లు ఒక్కటే ముప్పై దాకా ఉండే బృందంలో ఇది చిన్న సంఖ్య.

పైగా ఈ కుర్చీల్లో కూర్చున్నవారు సులభంగా లేవరు. షికాగో సింఫనీలో ఆర్నాల్డ్ జేకబ్స్ 1944 నుంచి 1988 వరకు ట్యూబా వాయించారు. అదే ఆర్కెస్ట్రాలో అడాల్ఫ్ హెర్సెత్ 1948 నుంచి 2001 వరకు ప్రధాన ట్రంపెట్ స్థానంలో ఉన్నారు. జేకబ్స్ ఉన్న 44 ఏళ్ళలో ఆ ఆర్కెస్ట్రా ట్యూబా స్థానం మరొకరికి దక్కలేదు. ఇప్పుడు ఒక ఊహాత్మక లెక్క వేద్దాం. ఒక ట్యూబా ఆచార్యుడు ఏటా ఇద్దరు పట్టభద్రులను తయారుచేస్తున్నాడనుకుంటే, 40 ఏళ్ళలో 80 మంది అవుతారు. ఆయన కుర్చీ ఖాళీ అయ్యేది ఒక్కసారి. మిగిలిన 79 మంది ఏమవుతారు? కొందరికి వేరే ఆర్కెస్ట్రాల్లో చోటు దొరుకుతుంది, కొందరు సైనిక బ్యాండ్లలో చేరతారు, కొందరు రికార్డింగులకూ నాటకశాలలకూ పిలుపు వచ్చినప్పుడల్లా వెళ్ళి వాయిస్తారు. చాలామంది పాఠశాలల్లోనో కళాశాలల్లోనో బోధిస్తూ, సాయంత్రాలు ఏదో ఒక బ్యాండును నడుపుతారు. ఈ చివరి మార్గాన్ని ఓడిపోయినవారి దారిగా చూడడం పొరపాటు. ఆ 80 మంది కూడా అలాంటి ఒక ఉపాధ్యాయుడి దగ్గరే మొదట నేర్చుకుని ఉంటారు.

ఉన్న కొద్ది కుర్చీల ఎంపికైనా వాదాలు లేకుండా సాగదు. అభ్యర్థి ఎవరో కనబడకుండా తెర వెనుక వాయింపజేసే ఆడిషన్ పద్ధతి నిష్పాక్షికత కోసం వచ్చింది. 1980లో మ్యూనిక్ ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రాలో ప్రధాన ట్రాంబోన్ స్థానానికి అలా జరిగిన ఆడిషన్‌లో అబీ కొనాంట్ నెగ్గారు. గెలిచింది మహిళ అని ఆ తర్వాతే తెలిసింది. కొద్దికాలానికే ఆమెను రెండో ట్రాంబోన్ స్థానానికి దించారు. ఆమె కోర్టుకెక్కారు, వ్యాజ్యం దశాబ్దానికి పైగా సాగి చివరికి ఆమె పక్షాన ముగిసింది. ఆమె ట్రోసింగెన్ సంగీత కళాశాలలో ఆచార్యురాలయ్యారు. తెర ఆడిషన్ రోజున మాత్రమే కాపలా కాస్తుందని, తర్వాతి పరీక్షాకాలంలో రక్షణ ఉండదని కొందరు విమర్శకులు అనడానికి ఇలాంటి అనుభవాలే ఆధారం. ఆర్కెస్ట్రాలు తమ వైపు నుంచి చెప్పేది కూడా కొట్టిపారేయదగినది కాదు: పది నిమిషాల ఆడిషన్‌లో వ్యక్తి ప్రతిభ తెలుస్తుంది గానీ, పక్కవారితో శృతి కలిపి నెలల తరబడి వాయించగలరో లేదో తెలియదు.

## బ్రాస్ బ్యాండు: మూడు పనులూ ఒకే గదిలో

ఇత్తడి వాద్యకారుడు సహజంగానే కండక్టరూ గురువూ అయ్యే చోటు ఒకటుంది. అది బ్రిటిష్ బ్రాస్ బ్యాండు. 19వ శతాబ్దంలో గనులు, నూలు మిల్లుల చుట్టూ పెరిగిన ఈ బ్యాండ్లలో వాయించేవారు వృత్తి సంగీతకారులు కారు, పగలంతా పనిచేసి రాత్రి సాధన చేసే కార్మికులు. 1853లో మాంచెస్టర్‌లోని బెల్ వ్యూ ఉద్యానంలో మొదలైన పోటీలు వీరిలో పట్టుదల పెంచాయి. పోటీ ఉన్నప్పుడు తర్ఫీదు ఇచ్చేవారు కావాలి. అలా జాన్ గ్లాడ్నీ, అలెగ్జాండర్ ఓవెన్, ఎడ్విన్ స్విఫ్ట్ అనే ముగ్గురు ఒక బ్యాండు నుంచి మరో బ్యాండుకు తిరుగుతూ శిక్షణ ఇచ్చి పేరు తెచ్చుకున్నారు. ఊళ్ళో ఉండి వారం వారం సాధన చేయించే బ్యాండ్‌మాస్టర్ ఒకరు, పోటీకి ముందు వచ్చి మెరుగులు దిద్దే వృత్తి కండక్టర్ మరొకరు అన్న విభజన చాలా బ్యాండ్లలో ఇప్పటికీ ఉంది.

ఈ బ్యాండు నిర్మాణమే బోధనకు అనువైనది. 25 మంది ఇత్తడి వాద్యకారులు, వారికి తోడు తాళవాద్యాలవారు ఉంటారు. వీరిలో బాస్ ట్రాంబోన్ తప్ప మిగిలిన ఇత్తడి వాద్యాలన్నిటికీ సంగీతాన్ని ఒకే పద్ధతిలో, ట్రెబుల్ క్లెఫ్ అనే స్వరలిపి గుర్తుతో రాస్తారు. కార్నెట్ అయినా, హార్న్ అయినా, మనిషంత ట్యూబా అయినా కాగితం మీద అదే గుర్తు కనిపిస్తే అవే వాల్వులు నొక్కాలి. పలికే స్వరం మాత్రం వాద్యాన్ని బట్టి వేరుగా ఉంటుంది. దీనివల్ల పదేళ్ళ వయసులో కార్నెట్ పట్టిన పిల్లవాడు పెదవులు అనుకూలించకపోతే, మళ్ళీ చదవడం నేర్చుకోకుండానే టెనర్ హార్న్‌కో యుఫోనియంకో మారగలడు. ఒక్క ఉపాధ్యాయుడు గదిలో ఉన్న అందరికీ ఒకేసారి పాఠం చెప్పగలడు. ఆ గదిలో పాఠానికీ రిహార్సల్‌కూ మధ్య గీత ఎక్కడుందో చెప్పడం కష్టం.

పోటీల విషయంలో మాత్రం ఏకాభిప్రాయం లేదు. బ్యాండు ఏదో తెలియకుండా న్యాయనిర్ణేతలను మూసిన డేరాలోనో గదిలోనో కూర్చోబెట్టే పద్ధతి, అందరికీ ఒకే కృతిని పరీక్షగా ఇచ్చే నియమం ప్రమాణాలను ఎంతో పెంచాయని ఒక వర్గం అంటుంది. కొరుకుడు పడని కృతుల్లో తప్పులు లెక్కపెట్టే అలవాటు సంగీతాన్ని కసరత్తుగా మార్చిందని, ఏడాదంతా ఒకటి రెండు కృతుల చుట్టూ తిరిగిన పిల్లలకు సంగీతం వైశాల్యం తెలియదని రెండో వర్గం వాదిస్తుంది. నా దృష్టిలో రెండో మాటకు బలం ఉంది. అయితే గని కార్మికులు వృత్తి సంగీతకారులతో సరితూగేలా వాయించగలగడం పోటీ లేకుండా జరిగేదా అంటే, జరిగేదని చెప్పడం కష్టం.

## చేతిలో వాద్యం పోయి కర్ర వచ్చినప్పుడు

కండక్టర్ తాళం వేసే మనిషి మాత్రమేనన్న అభిప్రాయం చాలామందిలో ఉంది. తాళం ఆయన పనిలో చిన్న భాగం. ఆర్కెస్ట్రా వెనుక వరసలో కూర్చున్న ఇత్తడి వాద్యకారులకూ కండక్టర్‌కూ మధ్య 12 మీటర్ల దూరం ఉందనుకుందాం. ధ్వని సెకనుకు 343 మీటర్లు ప్రయాణిస్తుంది కాబట్టి, ముందు వరస వయొలిన్ల ధ్వని వెనక్కి చేరడానికి దాదాపు 35 మిల్లీసెకన్లు పడుతుంది. ట్రాంబోన్ వాద్యకారుడు వయొలిన్లను విని వాటితో కలిపి వాయిస్తే, ఆయన ధ్వని తిరిగి ముందుకు చేరడానికి మరో 35 పడుతుంది. నిమిషానికి 120 దెబ్బల వేగంలో, దెబ్బకు నాలుగు చొప్పున వచ్చే స్వరం ఒక్కోటి 125 మిల్లీసెకన్లే. 70 మిల్లీసెకన్ల ఆలస్యం అందులో సగానికి పైగా ఉంటుంది. అందుకే వెనక వరసలవారు చెవిని పక్కనపెట్టి కంటిని నమ్మాలని, విన్నదానికన్నా కాస్త ముందుగా వాయించాలని నేర్చుకుంటారు. ఈ తేడా అనుభవంలో ఉన్న కండక్టర్ వారిని "ఆలస్యం చేస్తున్నారు" అని ఊరికే కసరడు. తన సైగను ఇంకాస్త ముందుగా, స్పష్టంగా ఇస్తాడు. ఇత్తడి వాద్యకారులకు స్వరానికి ముందు గాలి పీల్చే వ్యవధి కావాలి కాబట్టి, ఆయన సైగలోనే ఆ శ్వాస కూడా ఉండాలి.

ఇక ఆ 14 సెంట్ల కథ. ట్రాంబోన్లు 220 హెర్ట్జ్ (సెకనుకు 220 కంపనాలు) దగ్గర షడ్జం పట్టుకున్నాయనుకుందాం. దానిమీద సహజ గాంధారం 275 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది, పియానో కొలత ప్రకారమైతే 277.2 దగ్గర. గాంధారం వాయించేవారు పియానో కొలతను పట్టుకుంటే, రెండు స్వరాలతో పాటు సన్నగా పలికే పై అనుస్వరాలు ఒరుసుకుని సెకనుకు దాదాపు తొమ్మిది సార్లు అలలు అలలుగా వినిపిస్తాయి. స్వరాన్ని 275 కు దించితే ఆ అలలు ఆగిపోయి ధ్వని ఒక్కసారిగా నిండుగా పరుచుకుంటుంది. గాంధారం ఎవరి దగ్గరుందో, వారిని ఎంత దించమనాలో కండక్టర్‌కు తెలియాలి. వాద్యకారుడికి అది పెదవి సంగతి, కండక్టర్‌కు చెవి సంగతి, ఉపాధ్యాయుడికి ఎందుకో చెప్పి అర్థం చేయించే సంగతి.

ఇత్తడి వాద్యకారులు మంచి కండక్టర్లు అవుతారా అన్న ప్రశ్నకు రెండు జవాబులు వినిపిస్తాయి. ఆర్కెస్ట్రాలో సగానికి పైగా తంత్రీవాద్యాలే కాబట్టి, విల్లు ఎటు లాగాలో, ఎక్కడ మార్చాలో స్వయంగా తెలియనివారు ఎప్పుడూ ఒక మెట్టు కిందే ఉంటారని ఒక వాదం. దీనికి ఎదురుగా హాన్స్ రిక్టర్ ఉన్నారు. 1860లలో వియన్నాలో హార్న్ వాయించిన ఆయన, 1876లో జర్మనీలోని బైరాయిట్‌లో స్వరకర్త వాగ్నర్ 'రింగ్' ఒపేరాల తొలి సంపూర్ణ ప్రదర్శనను నడిపి, 1899 నుంచి 1911 వరకు మాంచెస్టర్ హాలే ఆర్కెస్ట్రాకు నాయకత్వం వహించారు. న్యూయార్క్ ఫిల్హార్మోనిక్‌లో ప్రధాన ట్రంపెట్ వాయించిన జెరార్డ్ ష్వార్జ్ 1985 నుంచి 2011 వరకు సియాటిల్ సింఫనీని నడిపారు. లండన్ సింఫనీ ప్రధాన హార్న్ వాద్యకారుడు బ్యారీ టక్‌వెల్ అమెరికాలోని మేరీల్యాండ్ సింఫనీకి తొలి కండక్టర్ అయ్యారు.

అంతగా ఎవరూ పట్టించుకోని సౌలభ్యం ఒకటి ఇత్తడి వాద్యకారులకు ఉంది. వారు ఎక్కువ సేపు ఖాళీగా కూర్చుంటారు. బీథోవెన్ ఐదో సింఫనీలో ట్రాంబోన్లు చివరి భాగంలో తప్ప వాయించవు. ద్వోర్జాక్ 'న్యూ వరల్డ్' సింఫనీలో ట్యూబాకు ఉన్నవి రెండో భాగంలో వేళ్ళమీద లెక్కపెట్టగల స్వరాలే. ఆ ఖాళీ సమయంలో కండక్టర్ ఏం చేస్తున్నాడో, ఏ సైగకు ఎవరు స్పందిస్తున్నారో చూడడం తప్ప వేరే పని ఉండదు. అయితే చూసి తెలుసుకున్నది చేతికి రావడం వేరు. వాద్యకారుడు తన గదిలో ఒంటరిగా సాధన చేసుకోగలడు. కండక్టర్ వాద్యం మనుషులు కాబట్టి, వారు ఎదురుగా ఉంటే తప్ప సాధన కుదరదు. వెనక వరస నుంచి కర్ర పట్టిన చాలామంది మొదటి కొన్నేళ్ళు విద్యార్థి బృందాలతో, ఔత్సాహిక బ్యాండ్లతో గడపడానికి కారణం ఇదే. అంటే మళ్ళీ బోధన దగ్గరికే వచ్చాం.

## నేర్పడంలో రెండు దారులు

ఒక విద్యార్థి హార్న్ మీద పై పంచమం కోసం ప్రయత్నిస్తున్నాడు. పది సార్లలో నాలుగు సార్లు స్వరం చీలిపోయి పక్కదాని మీద పడుతోంది. ఒక గురువు అద్దం తెప్పిస్తాడు. మౌత్‌పీస్ పై పెదవి మీద ఎంత, కింది పెదవి మీద ఎంత ఆనింది, దవడ ముందుకు వచ్చిందా, పళ్ళ వరస ఎలా ఉంది, చేయి వాద్యాన్ని మూతికేసి నొక్కుతోందా అని ఒక్కొక్కటే పరిశీలించి సరిచేస్తాడు. ఇంకో గురువు వాద్యం పక్కన పెట్టించి ఆ స్వరాన్ని ముందు పాడమంటాడు, ఆ తర్వాత మౌత్‌పీస్ ఒక్కదానితో పలికించమంటాడు. ధ్వని మనసులో స్పష్టంగా ఉంటే కండరాలు తమ దారి తామే వెతుక్కుంటాయని ఆయన నమ్మకం.

ఈ రెండు దారులకూ గట్టి ప్రతినిధులు ఒకే ఆర్కెస్ట్రాలో పక్కపక్కన వాయించడం ఒక విచిత్రం. షికాగో సింఫనీ ప్రధాన హార్న్ వాద్యకారుడు ఫిలిప్ ఫార్కస్ పెదవుల అమరికను శాస్త్రీయంగా వర్ణించడానికి ప్రయత్నించారు. ఊపిరి మౌత్‌పీస్‌లోకి తిన్నగా పోవాలని మొదట్లో రాసిన ఆయన, 40 మంది హార్న్ వాద్యకారుల పెదవులను ఫొటోలు తీయించి పరిశీలించాక, దాదాపు అందరిలోనూ అది కిందికి వంగి పోతోందని గమనించి తన మాట మార్చుకున్నారు. ఆర్నాల్డ్ జేకబ్స్‌ది రెండో దారి. శ్వాసక్రియను వైద్య పరికరాలతో కొలిచేంత లోతుగా చదివిన ఆయన, విద్యార్థులకు మాత్రం కండరాల పేర్లు చెప్పేవారు కాదు. పాట, ఊపిరి ఈ రెండూ చాలునన్నది ఆయన బోధనకు సారం.

మొదటి పద్ధతిని విమర్శించేవారు, నడిచేటప్పుడు కాలి కండరాల గురించి ఆలోచిస్తే తడబడినట్టే, పెదవుల గురించి ఆలోచిస్తే స్వరం తడబడుతుందని అంటారు. రెండో పద్ధతిని విమర్శించేవారు, మౌత్‌పీస్ తప్పు చోట ఆనించిన పిల్లవాడు ఎంత బాగా పాడినా ఆ అలవాటు పోదని, పదేళ్ళ తర్వాత అది గోడలా అడ్డు నిలుస్తుందని గుర్తుచేస్తారు. అనుభవమున్న గురువులు పిల్లల ముందు శాశ్వత దంతాలు వచ్చిన తొలి దశలో అమరికను జాగ్రత్తగా చూసి, ఆపైన దాని మాట ఎత్తకుండా పాట మీదికి దృష్టి మళ్ళించడం కనిపిస్తుంది. రెండు వర్గాల మధ్య వాదం పుస్తకాల్లో ఉన్నంత తీవ్రంగా తరగతి గదిలో ఉండదు.

గొప్పగా వాయించేవారందరూ గొప్పగా నేర్పుతారన్న హామీ మాత్రం లేదు. చిన్ననాడే అన్నీ సహజంగా అబ్బినవారికి, అబ్బనివారి ఇబ్బంది ఎక్కడుందో తెలియకపోవచ్చు. ఇందుకు మరో కొస గుస్తావ్ హోల్స్ట్. చేతి నరాల బాధ వల్ల పియానో వదులుకుని ట్రాంబోన్ పట్టిన ఆయన, 1903 వరకు ఆర్కెస్ట్రాల్లో వాయించి, 1905లో లండన్‌లోని సెయింట్ పాల్స్ బాలికల పాఠశాలలో చేరి 1934లో చనిపోయేదాకా అక్కడే ఉన్నారు. లోకం ఆయన్ని స్వరకర్తగా గుర్తుంచుకుంది. జీతం వచ్చింది మాత్రం ప్రధానంగా బడి నుంచి.

## పెదవి, చెవి

పెదవుల చుట్టూ ఉండే కండరం చిన్నది, త్వరగా అలసిపోతుంది. వయొలిన్ విద్యార్థి రోజుకు ఐదారు గంటలు సాధన చేయవచ్చు. ట్రంపెట్ విద్యార్థికి అన్ని గంటలు మంచివి కావు. వాయించినంత సేపు విశ్రాంతి కూడా ఉండాలన్నది పాతకాలం నుంచి వస్తున్న సూత్రం. రోజులో మిగిలిన గంటలు స్కోరు (అన్ని వాద్యాల స్వరాలూ కలిపి రాసిన ప్రతి) చదవడానికీ పాఠం చెప్పడానికీ మిగలడం వెనుక ఈ శారీరక కారణం కూడా ఉంది.

ఇంతకన్నా కఠినమైనవి వృత్తి సంబంధమైన జబ్బులు. ఫోకల్ డిస్టోనియా అనే నాడీ సమస్యలో, మాట్లాడడానికీ తినడానికీ మామూలుగా పనిచేసే పెదవులు వాద్యం ఎత్తగానే మాట వినవు. వినికిడి ముప్పు వాయించేవారికే కాక ముందు కూర్చున్నవారికి కూడా ఉంటుంది. 2012లో లండన్ రాయల్ ఒపేరా హౌస్‌లో వాగ్నర్ ఒపేరా రిహార్సల్ జరుగుతుండగా ఇత్తడి వాద్యాల ముందు కూర్చున్న వయోలా (వయొలిన్ కన్నా కాస్త పెద్ద తంత్రీవాద్యం) వాద్యకారుడికి వినికిడి దెబ్బతింది. 2018లో న్యాయస్థానం ఆయన పక్షాన తీర్పు ఇచ్చింది. బ్రిటన్‌లో పనిచోట శబ్ద పరిమితుల నియమాలు 2008 నుంచి సంగీత, వినోద రంగాలకు కూడా వర్తిస్తున్నాయి. రిహార్సల్ గదిలో ఎవరిని ఎక్కడ కూర్చోబెట్టాలి, ఎంత గట్టిగా ఎన్నిసార్లు వాయింపజేయాలి అన్నవి ఇప్పుడు సంగీత నిర్ణయాలతో పాటు ఆరోగ్య నిర్ణయాలు కూడా అయ్యాయి.

## ఏ వయసులో ఏది వదిలారు

వాయించడం ఎప్పుడు మానాలి అన్న విషయంలో ఈ వృత్తికి ఒక నియమం లేదు. హెర్సెత్ ప్రధాన ట్రంపెట్ కుర్చీ వదిలేనాటికి ఆయనకు దాదాపు 80 ఏళ్ళు. అమెరికాలోని సౌసా బ్యాండులో కార్నెట్ సోలోలతో పేరు మోగిపోయిన హెర్బర్ట్ క్లార్క్ (1867–1945) మాత్రం 50 ఏళ్ళ వయసులో, 1917లో, ఆ బ్యాండును వదిలారు. కెనడాలో ఒక తోలు పరిశ్రమ పెట్టిన బ్యాండును 1918 నుంచి 1923 వరకు నడిపి, అక్కడి నుంచి కాలిఫోర్నియాలోని లాంగ్ బీచ్ వెళ్ళి 1943 దాకా ఆ నగరపు బ్యాండుకు కండక్టర్‌గా ఉన్నారు, ఆ పొడవునా శిష్యులకు కార్నెట్ చెప్పారు. కీర్తి తెచ్చిన సోలో జీవితం ముగిశాక ఆయన పనిచేసిన కాలం పాతికేళ్ళు.